చిన్న వ్యాపారికి కల్యాణమిత్రుడు ఎవరు?

ఈమధ్య ఒక ఆదివారం మా భిలాయి విహారంలో బుద్ధ వందన ముగిసి చాపలు చుట్టేస్తున్నాం. ఖుర్సీపార్ నుంచి వచ్చే ఒక కుర్రవాడు పక్కన కూర్చున్నాడు. ఐటీఐ చదివాడు. కొన్నేళ్లు ఠేకేదార్ల దగ్గర వెల్డింగ్ చేశాడు. ఇప్పుడు అద్దెకు ఒక షెడ్డు చూసుకున్నాడు.

"బాబాయ్, ఒక మాట అడగనా? వ్యాపారంలో గురువు లేకపోతే మునిగిపోతావని అందరూ అంటున్నారు. బుద్ధుడేమో మీకు మీరే దీపం కండి అన్నాడు కదా. మరి గురువుని వెతుక్కుంటే ధమ్మానికి విరుద్ధం కాదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వచ్చే వారం మాట్లాడదామన్నాను. ఆ కుర్రవాడికి చెప్పాల్సిన జవాబే ఈ వ్యాసం. అతని ప్రశ్న అతనొక్కడిదే కాదు. బాబాసాహెబ్ చూపిన దారిలో త్రిశరణాలు తీసుకుని, ఉద్యోగం దొరక్కో, ఉద్యోగం వద్దనుకునో సొంత కాళ్ల మీద నిలబడాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఉంది.

ముందు ఆ కుర్రవాడి అనుమానాన్ని గౌరవించాలి. గురువు అనే మాట మన చెవికి తియ్యగా వినపడకపోవడానికి చరిత్ర ఉంది. చదువు చెప్పనివాడు కూడా దక్షిణగా బొటనవేలు అడిగిన కథ విని పెరిగినవాళ్లం మనం. మన తాతలకు ఊళ్లో పెద్దదిక్కు అంటే, విత్తనాలకు అప్పిచ్చి పంటంతా కళ్లంలోనే కొలుచుకుపోయే ఆసామి. "నిన్ను నేను చూసుకుంటాలేరా" అన్న మాట వెనక "నువ్వు నా మనిషివి" అన్న మాట ఎప్పుడూ ఉండేది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో బాబాసాహెబ్ భక్తి గురించి హెచ్చరించారు. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో అది పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందన్నది ఆ హెచ్చరిక సారం. వ్యాపారంలో కూడా అంతే అని నేను అనుభవం మీద చెప్పగలను. కాబట్టి గురువు అన్నమాట వినగానే వెనకడుగు వేసే మనసు చెడ్డ మనసు కాదు. అది దెబ్బ తిన్న మనసు.

అయినా ఒంటరిగా వెళ్లడమే స్వాభిమానం అనుకుంటే పొరపాటు. ఎందుకో చెబుతాను.

మా భిలాయి ఎలా పుట్టిందో చూడండి. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం, సోవియట్ ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. చుట్టూ పొలాలు, పల్లెలు ఉన్న చోట ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారం లేచింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన మన తెలుగు కూలీల్లో చాలామంది అంతకుముందు కొలిమి అంటే కమ్మరి కొలిమే చూసినవాళ్లు. వాళ్లు ఇనుము కరిగించడం ఎవరి దగ్గర నేర్చుకున్నారు? పక్కన నిలబడి చేసి చూపించినవాళ్ల దగ్గర. రష్యా నిపుణులు మన ఇంజనీర్లకు చూపించారు, ఇంజనీర్లు ఫోర్‌మన్‌లకు, ఫోర్‌మన్‌లు మన నాన్నలకు. పుస్తకంలో చదివి ఫర్నేస్ ముందు నిలబడినవాడు ఎవడూ లేడు. భాష రాకపోయినా చేతి సైగలతో నేర్చుకున్నారు. నేర్చుకున్నందుకు ఎవరూ ఎవరికీ దాసులు కాలేదు.

అయితే మన నాన్నలు నేర్చుకున్నది ఉక్కు పని. ఉక్కు వ్యాపారం కాదు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఏ పనికి ఎంత రేటు వెయ్యాలి, ముందు డబ్బు ఎంత కట్టాలి, బిల్లు ఆగిపోతే ఎవరిని అడగాలి అన్నవి వాళ్లకు తెలియాల్సిన అవసరమే లేదు. అదే సమయంలో పవర్ హౌస్ బజారులో దుకాణం పెట్టినవాళ్ల పిల్లలు ఈ విషయాలన్నీ అన్నం తింటూ విన్నారు. ఎవరికి అప్పివ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు, ఏ నెలలో సరుకు నిల్వ చేసుకోవాలి, పెద్ద ఆఫీసులో ఏ టేబుల్ దగ్గర కాగితం ఆగుతుంది అన్నవి వాళ్లు బడిలో నేర్చుకోలేదు. మేనమామో, పెద్దనాన్నో చెప్పాడు. అది వాళ్ల తెలివి కాదు, వాళ్ల కులం వాళ్లకు ఉచితంగా ఇచ్చిన చదువు. కులం పనిని విభజించడంతో ఆగదు, పని తెలిసిన మనుషులను కూడా విభజిస్తుంది. మన పిల్లవాడికి లేనిది చేతిపనీ కాదు, ధైర్యమూ కాదు. అన్నం దగ్గర ఆ మాటలు చెప్పే మేనమామ లేడు.

తెలివి ఒక్కటే చాలదని చెప్పడానికి బాబాసాహెబ్ జీవితం కన్నా పెద్ద ఉదాహరణ ఏముంది? కొలంబియా, లండన్‌లలో అర్థశాస్త్రం చదివి 1917లో తిరిగొచ్చాక, బరోడాలో ఉండటానికి చోటు కూడా దొరక్క బొంబాయి చేరినప్పుడు, బతుకుతెరువు కోసం ఆయన స్టాకులు, షేర్ల మీద సలహాలిచ్చే చిన్న వ్యాపారం మొదలుపెట్టారు. సలహా చెప్పే మనిషి అంటరానివాడని తెలియగానే వచ్చేవాళ్లు రావడం మానేశారు. వ్యాపారం మూతపడింది. ఆ రోజుల్లో ఈ దేశంలో ఆయనకన్నా బాగా అర్థశాస్త్రం చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు? చదువు ఉంది, తలుపు తెరుచుకోలేదు.

అదే బాబాసాహెబ్‌కు తలుపు తెరిచినవాళ్లూ ఉన్నారు. బొంబాయిలో బడి పిల్లవాడిగా తోటలో కూర్చుని చదువుకుంటుంటే కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు చూసి పలకరించారు. మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను బహుమతిగా ఇచ్చారు. తర్వాత బరోడా మహారాజుతో మాట్లాడి చదువుకు సాయం ఇప్పించారు. కేళూస్కర్ చేసినవి మూడు పనులు: గమనించారు, ఒక పుస్తకం ఇచ్చారు, తనకు తెలిసినవారికి పరిచయం చేశారు. శిష్యుడివి కమ్మనలేదు. అమెరికాలో తనకు చదువు చెప్పిన జాన్ డ్యూయీకి తానెంతో రుణపడి ఉన్నానని బాబాసాహెబ్ తన రచనలోనే చెప్పుకున్నారు. కానీ డ్యూయీ ఆలోచనను తీసుకుని కుల సమస్య మీద తన పద్ధతిలో వాడుకున్నారు. రుణం ఒప్పుకోవడం వేరు, తల వంచడం వేరు.

ఇప్పుడు ధమ్మం ఏమంటుందో చూద్దాం. సుత్తపిటకంలో దీఘజాను అనే కోలియుడు బుద్ధుడి దగ్గరకు వచ్చి, మేము సంసారులం, పిల్లాపాపలతో బతికేవాళ్లం, చందనం పూసుకునేవాళ్లం, వెండీ బంగారం వాడేవాళ్లం, మాలాంటి వాళ్లకు పనికొచ్చేది చెప్పండి అని అడుగుతాడు. బుద్ధుడు అతన్ని సంసారం వదలమనలేదు. ఈ లోకంలో సుఖంగా ఉండటానికి నాలుగు చెప్పాడు. ఒకటి, వ్యవసాయమైనా వర్తకమైనా చేతిపనైనా చేసే పనిలో నేర్పు, శ్రమ. రెండు, న్యాయంగా సంపాదించినదాన్ని కాపాడుకోవడం. మూడు, కల్యాణమిత్రత. నాలుగు, రాబడికి తగ్గ ఖర్చుతో సమంగా బతకడం. ఆ తర్వాత చెరువు పోలిక చెప్పాడు. చెరువుకు నీళ్లు వచ్చే దారులు నాలుగు, పోయే దారులు నాలుగు. సంపద పోయే దారుల్లో తాగుడు, జూదంతో పాటు చెడ్డ స్నేహాన్ని చేర్చాడు. వచ్చే దారుల్లో మంచి స్నేహాన్ని చేర్చాడు. అంటే బుద్ధుడి లెక్కలో స్నేహం మనసుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, జమాఖర్చుల్లో రాయాల్సిన విషయం.

కల్యాణమిత్రుడు ఎవరో కూడా అక్కడే ఉంది. శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ ఉన్నవాడు. వయసులో చిన్నవాడైనా పెద్దవాడైనా సరే. ఎవరి దగ్గర ఏ గుణం ఉంటే ఆ గుణాన్ని వాళ్లతో కూర్చుని, మాట్లాడి, అలవాటు చేసుకోవాలి. ఇందులో రెండు సంగతులు గమనించాలి. కల్యాణమిత్రుడు ధనవంతుడై ఉండాలని ఎక్కడా లేదు. అన్ని గుణాలూ ఒక్కరిలోనే వెతకాలనీ లేదు. మనం గురువు అన్నప్పుడు ఒక్క మనిషిని ఊహిస్తాం. బుద్ధుడు కల్యాణమిత్రత అన్నప్పుడు ఒక అలవాటును చెబుతున్నాడు.

మంచి స్నేహం ఈ ధమ్మ జీవితంలో సగం అనుకుంటున్నానని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దిన సంగతి ఉపాసకులకు తెలిసిందే. మీకు మీరే దీపం కండి అని చెప్పింది కూడా ఆ ఆనందుడికే. ఒకే మనిషికి చెప్పిన రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. నిర్ణయం నీది, దాని ఫలితం నీది, అందుకే దీపం నీదే కావాలి. కానీ వత్తికి నిప్పు పక్కింటి దీపం నుంచి తెచ్చుకోవడంలో అవమానం లేదు. కేసపుత్త గ్రామంలో కాలాములకు చెప్పిన మాటల్లో, ఈయన మా గురువు కదా అన్న కారణంతో దేన్నీ నమ్మవద్దని ఉంది. గురువు దగ్గరకు వెళ్లొద్దని లేదు.

చూళపంథకుడి కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రాజగృహంలో ఒక సంపన్న శ్రేష్ఠి కూతురికీ, ఆ ఇంటి దాసుడికీ పుట్టిన ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు. అన్న మహాపంథకుడు ముందే భిక్షువై తమ్ముడికి గురువయ్యాడు. ఒక్క గాథ నేర్పాడు. నాలుగు నెలలైనా తమ్ముడికి అది నోటికి రాలేదు. నువ్వు పనికిరావు, ఇంటికి పో అన్నాడు అన్న. ఏడుస్తూ వెళ్లిపోతున్న అతన్ని బుద్ధుడు ఆపాడు. గాథ ఏదీ చెప్పలేదు. చేతికి ఒక తెల్లని గుడ్డ ఇచ్చి, దీన్ని తడుముతూ మురికి పోతోంది అనుకుంటూ ఉండు అన్నాడు. తడమగా తడమగా గుడ్డ మాసింది. అనిత్యం అంటే ఏమిటో అతనికి తన చేతిలోనే కనిపించింది. అన్న చెడ్డవాడు కాదు, అర్హతుడే. తాను నేర్చుకున్న పద్ధతి ఒక్కటే నేర్పే పద్ధతి అనుకున్నాడు. బుద్ధుడు తన పద్ధతిని పక్కన పెట్టి ఎదుటి మనిషిని చూశాడు. మంచివాడు కావడం, మంచిగా నేర్పేవాడు కావడం రెండూ ఒకటి కావని ఈ కథ చెబుతోంది. ఎవరైనా పెద్దమనిషి మనల్ని పనికిరావు అన్నంత మాత్రాన మనం పనికిరానివాళ్లం కాము.

ఈ సందర్భంలో చెప్పిన జాతక కథ సరిగ్గా చిన్న వ్యాపారిదే. వారణాసిలో చుల్లక శ్రేష్ఠి దారిలో చచ్చిన ఎలుకను చూసి, తెలివైన కుర్రాడైతే దీనితోనే వ్యాపారం మొదలుపెట్టగలడు అని పక్కవాళ్లతో అన్నాడు. ఒక పేద కుర్రవాడు విన్నాడు. ఎలుకను పిల్లికి ఆహారంగా ఒక చిన్న నాణేనికి అమ్మాడు. ఆ డబ్బుతో బెల్లం కొని, పూలు కోసుకొచ్చేవాళ్లకు బెల్లం, మంచినీళ్లు ఇచ్చాడు. వాళ్లు పూలిచ్చారు. అలా మెట్టు మెట్టుగా ఎక్కి, చివరికి ఓడ సరుకు దాకా వెళ్లాడు. సంపాదించాక లక్ష తీసుకుని కృతజ్ఞత చెప్పడానికి శ్రేష్ఠి ఇంటికి వెళ్లాడు. శ్రేష్ఠికి ఆ కుర్రవాడెవరో కూడా తెలియదు. ఈ కథలో గురువు ఇచ్చింది ఒక్క వాక్యం. మిగిలినదంతా విన్నవాడి పనే.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను, విషయానికి అవసరం కాబట్టి. ఇండస్ట్రియల్ ఏరియాలో నాదొక అద్దె షెడ్డు. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఐదుగురు మనుషులు. మొదట్లో నాకు దొరికిన కల్యాణమిత్రుడు ప్లాంటు మెషిన్ షాపులో రిటైరైన ఒక సత్నామీ పెద్దాయన. అందరూ కకా అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. గురు ఘాసీదాస్ బోధ మీద నిలబడ్డ మనిషి. మా షెడ్డుకు వచ్చి మొదట నా లేత్ చూడలేదు, నా చెత్తబుట్ట చూశాడు. "ఎంత ఇనుము పారేస్తున్నావో తూకం వేశావా?" అన్నాడు. తూకం వేస్తే నా లాభం కనిపించింది, ఆ బుట్టలోనే. సలహాకు డబ్బు తీసుకోలేదు, టీ తాగేవాడు. నేను పని చేస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఒక్కసారి కూడా నా చేతిలోంచి పనిముట్టు లాక్కోలేదు.

రెండో మనిషి నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. మన విహారానికే వచ్చే అకౌంటెంట్ అమ్మాయి. "అన్నా, మీరు రేటు వేసేటప్పుడు మీ జీతం కలుపుతున్నారా?" అని అడిగింది. నేను కలపడం లేదు. పన్నెండేళ్లు నాకు నేను జీతం ఇవ్వకుండా పనిచేసి, దాన్ని లాభం అనుకున్నాను. చిన్న పరిశ్రమల చట్టం 2006 ప్రకారం ఒప్పందం ఏదైనా సరే మనలాంటివాళ్ల బిల్లు 45 రోజులు దాటకుండా కట్టాలని, దాటితే వడ్డీ అడిగే హక్కు ఉందని కూడా ఆమే చెప్పింది. చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా అన్న బుద్ధుడి మాట నాకు అప్పుడు అర్థమైంది. వయసు మీదున్న అహంకారం వల్ల నేను పోగొట్టుకున్నది ఎంతో లెక్క రాస్తే చిన్న మొత్తం కాదు.

మూడో మనిషి సంగతి అసలైనది. పెద్ద వ్యాపారి. ఊరూ పేరూ వద్దు. నాకు పెద్ద ఆర్డర్లు మొదట ఇప్పించింది ఆయనే. డ్రాయింగులు చదవడం ఓపిగ్గా నేర్పాడు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడగకుండా డబ్బు పంపాడు. నేను ఆయన్ని గురువు అనే అనుకున్నాను. ఒకరోజు పిలిచి, "నీ కుల సర్టిఫికెట్, నా పెట్టుబడి. నీ పేరు మీద ఒక సంస్థ పెడదాం. కాగితం మీద యజమానివి నువ్వే. నెలకు ఇంత అని నీ ఇంటికి వచ్చేస్తుంది. నువ్వు సంతకం పెడితే చాలు" అన్నాడు.

దీని వెనకున్న విషయం చెప్పాలి. చిన్న సంస్థల దగ్గర కొనుగోళ్లకు 2012లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాదికి చేసే కొనుగోళ్లలో ఇంత భాగం చిన్న సంస్థల నుంచి కొనాలి. మొదట 20 శాతం, తర్వాత 25 శాతం. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలి. కంపెనీ అయితే కనీసం 51 శాతం వాటా వాళ్లదే కావాలి. 1990లో చట్టం మారాక బౌద్ధం తీసుకున్న దళితులకూ ఎస్సీ హోదా దక్కింది. ఆ 4 శాతం మనకు ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. బొంబాయిలో బాబాసాహెబ్ గది ఖాళీగా ఉండిపోయిన రోజులకు ఈ దేశం ఇచ్చిన చిన్న సమాధానం.

నేను వెంటనే కాదనలేదు. అది ఒప్పుకోవాలి. పది రోజులు నిద్ర పట్టలేదు. కృతజ్ఞత ధమ్మంలో గొప్ప గుణం కదా, ఇంత చేసిన మనిషికి ఒక సంతకం పెట్టలేనా అనుకున్నాను. డబ్బు కూడా కావాలి. ఆ పది రోజుల్లో నాకు సాయపడింది సిగాలోవాద సుత్తం. అందులో స్నేహితుల వేషంలో వచ్చే నలుగురి గురించి ఉంది: ఎప్పుడూ తీసుకుపోయేవాడు, మాటలతోనే సరిపెట్టేవాడు, ముఖస్తుతి చేసేవాడు, చెడుకు తోడొచ్చేవాడు. మా పెద్దమనిషి మొదటి ముగ్గురిలో ఎవరూ కాదు. నిజంగా సాయం చేశాడు. అందుకే నిర్ణయం కష్టమైంది. కానీ ఆ రోజు అడిగింది మాత్రం నాలుగోవాడు అడిగేదే. నేను పెట్టే సంతకం అబద్ధం. నాలుగో శీలం నోటికి మాత్రమే కాదు, చేతికి కూడా వర్తిస్తుంది.

కృతజ్ఞత విషయం కూడా అప్పుడే తేలింది. నాకు చేసిన సాయానికి నేను రుణపడి ఉన్నాను. ఆ రుణం నా సమయంతో, నా పనితో, అవసరమైతే నా డబ్బుతో తీర్చాలి. నాది కానిదానితో తీర్చకూడదు. ఆ సర్టిఫికెట్ మీద నా పేరున్నా, అది నా ఒక్కడిది కాదు. మా తాత భుజాన మోసిన అవమానం దాని మీద ఉంది. నా వెనక వరసలో నిలబడ్డ కుర్రవాడి వంతు కూడా దానిలో ఉంది. నేను దాన్ని అద్దెకిస్తే నష్టపోయేది అతను.

వెళ్లి చెప్పాను. "అన్నగారూ, మీరు చేసింది మరిచిపోను. ఇది మాత్రం చెయ్యలేను" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఆర్డర్లు ఆగిపోయాయి. ఆ ఏడాది ఒక లేత్ అమ్మేశాను. దాన్ని మళ్లీ కొనడానికి మూడేళ్లు పట్టింది. ధమ్మంగా ఉంటే లాభమే వస్తుందని నేను చెప్పను. నాకు ఆ ఏడాది నష్టమే వచ్చింది. ఇలాంటి సంతకం పెట్టినవాళ్లను తక్కువ చేసి మాట్లాడే అర్హత కూడా నాకు లేదు. అమ్మాల్సిన లేత్ కూడా లేనివాడి పరిస్థితి వేరు. అతన్ని ఆ స్థితిలోకి నెట్టినవాళ్లను అడగాల్సిన ప్రశ్న అతన్ని అడగడం న్యాయం కాదు. అయితే ఆ ప్రశ్న ప్రశ్నగానే ఉండాలి. లోకరీతి అని దాన్ని మూసెయ్యకూడదు.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక గుర్తు దొరుకుతుంది. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ బుద్ధుణ్ణి మార్గదాత అంటారు, మోక్షదాత కాదంటారు. దారి చూపుతాడు, మోసుకుపోడు. ఏ మార్గదర్శినైనా కొలవడానికి ఇదే కొలత. ఏడాది తర్వాత నేను ఆయన మీద ఎక్కువ ఆధారపడ్డానా, తక్కువ ఆధారపడ్డానా? కకా దగ్గర నేను రోజురోజుకూ తక్కువ ప్రశ్నలు అడగాల్సి వచ్చేది. పెద్దమనిషి దగ్గర, ఆయన ఎంత మంచివాడైనా, నా ఆర్డర్ల పుస్తకంలో ఆయన పేరు తప్ప ఇంకో పేరు లేకుండా పోయింది. ఆ రోజే నేను గమనించాల్సింది. తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. అన్నీ ఒకే మనిషి దగ్గర వెతికిన తప్పు నాది.

సిగాలోవాదంలోనే గురువు శిష్యుడికి చెయ్యాల్సిన ఐదు పనులు ఉన్నాయి. బాగా తీర్చిదిద్దడం, అర్థమయ్యేలా చెప్పడం, విద్య దాచుకోకుండా నేర్పడం, తన స్నేహితులకు పరిచయం చెయ్యడం, ఏ దిక్కుకు వెళ్లినా రక్షణ కలిగేలా చూడటం. నాలుగోది చూడండి. తనకు తెలిసినవాళ్లకు పరిచయం చేసేవాడు శిష్యుణ్ణి తన దగ్గరే ఉంచుకోవాలనుకోడు. కేళూస్కర్ చేసింది అదే. శిష్యుడికీ ఐదు పనులు ఉన్నాయి. శ్రద్ధగా నేర్చుకోవడం అందులో ఒకటి. వ్యాపార భాషలో చెప్పాలంటే, సలహాకు వెళ్లేటప్పుడు లెక్కల పుస్తకం దాచకుండా తీసుకెళ్లాలి. నష్టాన్ని నష్టంగా చెప్పాలి. "నా వ్యాపారం ఎలా నడపాలి?" అని కాకుండా, "ఈ బిల్లు ఆగింది, ఏం చెయ్యాలి?" అని అడగాలి. విన్నదాన్ని చేసి చూసి, ఏమైందో మళ్లీ వెళ్లి చెప్పాలి. ఈ చివరిది చాలామంది చెయ్యరు. సలహా చెప్పినవాడికి తన మాట ఏమైందో తెలియకపోతే, తర్వాతి మాట చెప్పాలనిపించదు.

మార్గదర్శులు ఎక్కడ దొరుకుతారని ఆ కుర్రవాడు తప్పక అడుగుతాడు. మన ఊళ్లోనే. ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మెషినిస్టులు, స్టోర్స్ గుమాస్తాలు, కొనుగోలు విభాగంలో పనిచేసినవాళ్లు ప్రతి సెక్టారులోనూ సాయంత్రం బెంచీల మీద కూర్చుని ఉంటారు. వాళ్లను అడిగేవాళ్లు లేరు. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ 2005 నుంచి పనిచేస్తోంది. 2016లో మొదలైన జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 5న వచ్చిన స్టాండప్ ఇండియా పథకం 2025 దాకా పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు అప్పు కోసం నడిచింది. వీటి గురించి తెలుసుకోవాలి. కానీ పథకం అప్పు ఇస్తుంది, చెత్తబుట్ట తూకం వేశావా అని అడగదు. అడిగే మనిషిని మనమే వెతుక్కోవాలి.

ఇక్కడ ప్రశ్న మన వైపు తిరుగుతుంది. మనం ఎవరికి కల్యాణమిత్రులం? నా షెడ్డులో ఊడ్చే కుర్రవాడికి నేను మైక్రోమీటర్ పట్టుకోవడం నేర్పానా? నేర్చుకుంటే రేపు పక్క షెడ్డుకు వెళ్లిపోతాడని భయపడి దాచుకున్నానా? దాచుకున్నాను, కొన్నేళ్లు. కకా నా దగ్గర ఏదీ దాచుకోలేదన్న సంగతి గుర్తొచ్చినప్పుడు సిగ్గేసింది. పనివాళ్లకు శక్తికి తగ్గ పని, తిండి, కూలి, జబ్బు చేస్తే చూసుకోవడం, వేళకు సెలవు యజమాని ధర్మాలని సిగాలోవాదమే చెబుతోంది. కింద ఉన్నవాణ్ణి నొక్కిపెట్టి పైవాళ్ల దగ్గర సమానత్వం అడగడం మనకు తగదు.

ఇది మనకు కొత్తగా నేర్చుకునే సంగతి కాదు. అమరావతి స్తూపానికి దానం చేసినవాళ్ల శాసనాల్లో విధికుడనే చర్మకారుడి పేరుంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పుకుని, తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని ఇచ్చాడు. తోలు పనివాడు, గురువు కొడుకు, స్తూప దాత. ఒకే మనిషి. కృష్ణా తీరంలో అప్పుడు ఈ మూడు మాటలు ఒకే వాక్యంలో పట్టాయి. నాగార్జునాచార్యుడు కోసల దేశంలో నివసించాడని హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. ఆ దక్షిణ కోసలలోనే సిర్పూర్ విహారాల శిథిలాలు ఉన్నాయి, మన భిలాయి ఉంది. శాతవాహన రాజుకు నాగార్జునుడు రాసినట్టు చెప్పే ఉత్తరం పేరు సుహృల్లేఖ. ఆచార్యుడు రాజుకు రాసిన ఉపదేశానికి మిత్రుడి ఉత్తరం అని పేరు.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ కుర్రవాడికి చెప్పాలనుకున్నది ఇది. వెతుక్కో బాబూ, తప్పేమీ లేదు. ఒక్కరిని కాదు, ముగ్గురు నలుగురిని వెతుక్కో. నీకన్నా చిన్నవాళ్లనూ అడుగు. చెప్పింది విను, చేసి చూడు, ఫలితం చూసి ఒప్పుకో. నీ సంతకం మాత్రం ఎవరికీ అప్పగించకు. వందన అయ్యాక విహారంలో ఒక గంట బల్ల వేసుకుని కూర్చుందాం. రిటైరైన పెద్దలను నేను పిలుస్తాను, అకౌంటెంట్ చెల్లెమ్మ వస్తానంది. నీ లెక్కల పుస్తకం తీసుకురా. నాదీ తెస్తాను.